ఇంటి షెడ్డుకు మూడు ఫేజుల కరెంటు

(మండికల్‌లో విద్యార్థి వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను చదివింది ఐటిఐ వరకే. ఏం మాట్లాడమంటారని నిర్వాహకులను అడిగితే, నీ షెడ్డు గురించి చెప్పప్పా అన్నారు. కాబట్టి కరెంటు గురించే చెబుతాను. ఐటిఐలో, డిప్లొమాలో చేరినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. రేపు ఇంటి పక్కన ఒక లేత్ పెట్టుకుందామని మీలో కొందరైనా అనుకుంటూ ఉంటారు.

2007 దాకా మనది కోలారు జిల్లా. శివనసముద్రం నుంచి సుమారు 147 కిలోమీటర్ల లైను వేసి, 1902లో కోలారు బంగారు గనులకు కరెంటు తెచ్చారు. బెంగళూరులో దీపాలు వెలిగింది 1905లో. అంటే మా జిల్లాకు కరెంటు ముందుగా వచ్చింది యంత్రాల కోసమే. ఈ మాట చెప్పుకోవడం నాకు ఇష్టం.

ఇంటి కరెంటు ఒక ఫేజు, ఒక న్యూట్రల్, 230 వోల్టులు. మూడు ఫేజుల్లో ఏ రెండింటి మధ్యనైనా 400 పైచిలుకు ఉంటుంది. మూడూ ఒకదాని వెనుక ఒకటి వస్తాయి గనుక, మోటారును తిప్పే అయస్కాంత శక్తి తనంతట తానే గుండ్రంగా తిరుగుతుంది. తిరగడం వెనక్కయితే ఏ రెండు తీగలైనా మార్చి కలిపితే చాలు.

మా అమ్మ గాజులు కుదువపెట్టి పాత లేత్ ఒకటి కొన్నాను. మోటారు 3 హార్స్‌పవర్. మెయిన్ స్విచ్, మూడు ఫ్యూజులు పెట్టి, ఓవర్‌లోడ్ రిలే ఉన్న స్టార్టర్ మాత్రం తర్వాత చూద్దామనుకున్నాను. డబ్బు మిగిలిందని సంబరం కూడా పడ్డాను. ఒక మధ్యాహ్నం లేత్ శబ్దం మారింది. బేరింగనుకొని నూనె వేశాను. కాసేపటికి వార్నిష్ కాలిన వాసన.

జరిగింది ఇదీ. ఒక ఫ్యూజు పోయింది. ఆగి ఉన్న మోటారైతే మూలుగుతుందే కానీ కదలదు, తిరుగుతున్నదైతే ఆగదు. అదే బరువు లాగడానికి మిగిలిన రెండు ఫేజుల నుంచి దాదాపు 1.73 రెట్ల కరెంటు తీసుకుంటుంది. మోటారు మొదలయ్యేటప్పుడు ఐదారు రెట్ల కరెంటును తట్టుకొనేలా వేసిన ఫ్యూజుకు ఇది లెక్కలోకి రాదు. నేమ్‌ప్లేటు మీది ఆంపియర్లకు సరిచేసిన రిలే ఉంటే ఆపేసేది. షాఫ్టుల పని ఇస్తామన్న రైతులు చింతామణికి వెళ్లిపోయారు.

రీవైండింగ్ చేసిన పెద్దాయన మోటారు బిగించడానికి వచ్చి, ‘ఎర్త్ యాడుందప్పా?’ అన్నాడు. లేదు. లేత్ మీద టెస్టరు పెడితే వెలిగింది. ఎక్కడో తీగ తొడుగు చిట్లి ఇనుముకు తగులుతోంది. మా చెల్లెలు రోజూ వట్టి కాళ్లతో, తడిగుడ్డతో ఆ షెడ్డు తుడిచేది. మోటారు పోయినందుకు రాని ఏడుపు నాకు అప్పుడొచ్చింది.

మూడు ఫేజుల మోటారు ఒంటికి వేర్వేరుగా రెండు ఎర్త్ తీగలు ఉండాలని నిబంధన. ఆ వారమే రెండు గుంతలు తవ్వి పైపులు దించి, బొగ్గు, ఉప్పు వేశాం. మనది ఎండు నేల, వేసవిలో నీళ్లు పోయకపోతే ఎర్త్ పనిచేయదు. 30 మిల్లీఆంపియర్ల లీకేజికే తెగే బ్రేకరు కూడా పెట్టాను. లైసెన్సున్న కాంట్రాక్టరుతో పని చేయించి, పరిశ్రమ కనెక్షనే తీసుకోండి. పంపుసెట్ల లైను నుంచి లాక్కోవద్దు, అందులో మూడు ఫేజులు ఉండేది కొన్ని గంటలే.

సింగిల్ ఫేజే ఉన్నవాళ్లకు ఇప్పుడు విఎఫ్‌డి అనే పెట్టె దొరుకుతోంది. చిన్న మోటార్లకు అది 230 వోల్టుల మూడు ఫేజులు ఇస్తుంది. మోటారును స్టార్ నుంచి డెల్టాకు మార్చవచ్చో లేదో నేమ్‌ప్లేటు చూసుకొని కొనండి.

ఎర్త్ గుంతల్లో చెరో బిందె నీళ్లు పోసే పని పెళ్లయి వెళ్లేదాకా మా చెల్లెలిదే. ఇప్పుడు మా అబ్బాయి పోస్తున్నాడు. సెలవు.