ఏ పికప్ బండిని నమ్మొచ్చు? నా ఎక్సెల్ షీట్ చెప్పనిది, ఆటోనగర్ మేస్త్రీ చెప్పింది

ఎప్పుడూ ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, స్కూటర్ల గురించి మాట్లాడే నేను ఈ రోజు పికప్ బండి గురించి మాట్లాడుతున్నానంటే దానికి కారణం మా బావ.

మా బావ గాజువాకలో పన్నెండేళ్ళుగా డ్రైవర్. ఐరన్ షాపుల నుంచి ఇల్లు కట్టేవాళ్ళ సైటుకి ఊచలు, సిమెంటు దింపడం పని. బండి ఇంకొకరిది, స్టీరింగ్ మాత్రం మా బావది. మొన్న సంక్రాంతికి ఇంటికొచ్చి, భోజనం అయ్యాక మెల్లగా విషయం చెప్పాడు. "బామ్మర్దీ, సొంత బండి తీస్తాను. డౌన్ పేమెంట్‌కి మీ అక్క గొలుసు, గాజులు బ్యాంకులో పెడతాం. మిగతాది ఫైనాన్స్. నువ్వు బీటెక్ సదివినావు, వీడియోల్లో అందరికీ సెప్తావు కదా, నాకూ సెప్పు. ఏ బండి తీయమంటావు?"

పక్క గదిలో అక్క గిన్నెలు సర్దుతోంది. ఆ చప్పుడు ఆగిపోయింది. వింటోంది అన్నమాట.

ఫోన్ విషయంలో నేను తప్పు చెబితే మహా అయితే ఓ ఇరవై వేలు పోతాయి. ఇక్కడ తప్పు చెబితే మా అక్క మెడ బోసిపోతుంది. అందుకే వారం టైం అడిగాను. ఆ వారంలో నేను నేర్చుకున్నదే ఈ వీడియో.

ముందు నేను చేసిన పని, ఏ సాఫ్ట్‌వేర్ వాడైనా చేసేదే: ఎక్సెల్ షీట్ తెరిచాను. అడ్డంగా కంపెనీలు, నిలువుగా ధర, ఇంజన్, మోసే బరువు, మైలేజీ, వారంటీ. ఒక్కోదానికి పదికి మార్కులు.

లిస్టులోకి ఎవరెవరు వచ్చారో చెప్తాను. చిన్న బండి అనగానే మనకి గుర్తొచ్చేది టాటా ఏస్. 2005లో వచ్చింది, 702 సీసీ, రెండు సిలిండర్ల డీజిల్ ఇంజన్, 16 హార్స్‌పవర్. అంతకుముందు మూడు చక్రాల ట్రాలీ ఆటో నడిపినవాళ్ళు నాలుగు చక్రాలకి మారింది ఈ బండితోనే. జనం ముద్దుగా చోటా హాథీ అన్నారు. 2021లో మన రాష్ట్రంలో ఇంటింటికీ రేషన్ పంచడానికి 9,260 బండ్లు దింపారు, గుర్తుందా? వాటిలో ఎక్కువ ఇవే, మిగతావి మారుతి సూపర్ క్యారీ. కాబట్టి ఈ రెండూ మన ప్రతి సందులోకీ వెళ్ళి వచ్చిన బండ్లే.

దాని పై మెట్టులో టాటా ఇంట్రా, 2019లో వచ్చింది. దానికి పోటీ అశోక్ లేలాండ్ దోస్త్, 2011 నుంచి ఉంది. దాని అన్న బడా దోస్త్ 2020లో వచ్చాడు. ఆ పైన అసలు సిసలు పికప్‌లు: రెండున్నర లీటర్ల ఇంజన్ మహీంద్రా బొలెరో పికప్, 2.2 లీటర్ల టాటా యోధా. ఇంకొకటి ఇసుజు డీ-మ్యాక్స్. పేరు జపాన్‌దే గానీ, తయారయ్యేది మన శ్రీసిటీలో. 2016లో అక్కడ ఫ్యాక్టరీ మొదలైంది. మన రాష్ట్రంలో పుట్టిన బండి అని నేను దానికి ఓ అర మార్కు ఎక్కువే వేశాననుకోండి!

టయోటా హైలక్స్ లాంటివి తీసేశాను. అది బాగుంటుంది, కాదనను. కానీ దాని ధరకి మా బావ రెండు బండ్లు కొని, ఒక డ్రైవర్ని కూడా పెట్టుకోవచ్చు.

లెక్కలన్నీ వేస్తే ఒక బండి మొదటి స్థానంలో వచ్చింది. ప్రింట్ తీసి బావకి చూపించాను. బావ కాగితాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి, "బాగుంది. ఒకసారి ఆటోనగర్‌లో మా మేస్త్రీకి సూపిద్దాం" అన్నాడు.

గాజువాక ఆటోనగర్ మీకు తెలిసే ఉంటుంది. పోర్టు లారీలు, స్టీల్ ప్లాంట్ లారీలు, అన్నీ జబ్బు చేస్తే వచ్చేది అక్కడికే. మేస్త్రీ గారు చేతులు తుడుచుకుని కాగితం తీసుకున్నారు. పైనుంచి కింది దాకా చూసి ఒక మాట అన్నారు. "బాబూ, ఇందులో అన్నీ ఉన్నాయి. మీ బావ లేడు."

తర్వాత మూడు ప్రశ్నలు అడిగారు. ఏటి మోస్తాడు? ఏ రోడ్డు మీద తిరుగుతాడు? బండి ఆగిపోతే ఎక్కడ ఆగుతాది? నా షీట్‌లో ఈ మూడింట్లో ఒక్కదానికీ గడి లేదు. ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటిది, ఏం మోస్తాడు. చేపలు మోసేవాడూ, ఊచలు మోసేవాడూ ఒకే బండి కొనకూడదు. ఊచ బరువుకి ఒక చిన్న సూత్రం ఉంది: మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 162తో భాగిస్తే మీటరుకి ఎన్ని కిలోలో వస్తుంది. 12 ఎంఎం ఊచ తీసుకోండి. 144ని 162తో భాగిస్తే సుమారు 0.89 కిలో. ఊచ పొడవు 12 మీటర్లు, అంటే ఒక్కోటీ పది కిలోల 670 గ్రాములు. ఒకటిన్నర టన్ను మోసే బండిలో 140 ఊచలు వేస్తే లెక్క సరి. ఆ 140 ఊచలు తొట్టెలో చూస్తే ఎంత ఉంటాయి? అడుగున పరిచినట్టు ఉంటాయంతే! పైనంతా ఖాళీయే. ఆ ఖాళీ చూసి షాపాయన "ఇంకో యాభై వేసెయ్" అంటాడు. ఇంకో యాభై అంటే అర టన్ను పైమాటే. ఐరన్ బండికి అసలు ప్రమాదం ఇదే: కంటికి ఖాళీగా కనిపిస్తూనే కమాన్లు విరిగిపోతాయి.

"కంపెనీ మంచిది కాదు అని నా దగ్గరికొచ్చే బండ్లలో సగం, కంపెనీ సెప్పిన బరువు దాటినవే" అన్నారు మేస్త్రీ. ఇంకో సంగతి కూడా చెప్పారు. తొట్టెకి ఎత్తు పెంచి, ఇనుప చట్రం కట్టించి, ముందు భారీ గార్డు పెట్టిస్తాం చూడండి, ఆ ఇనుమంతా మీరు మోసే బరువులోంచే తగ్గుతుంది.

చట్టం వైపు కూడా చూద్దాం. 2019 సవరణ తర్వాత ఓవర్‌లోడ్‌కి జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకీ 2,000. ఎక్కువైన సరుకు అక్కడే దింపించాలి. ఊచలు వెనక్కి పొడుచుకొచ్చినా ఇంకో 20,000. అది జరిమానా గురించే కాదండి, వెనక బైక్ మీద వచ్చేవాడి ప్రాణం గురించి. అందుకే ఊచలు మడతపెట్టి వేయించుకోవాలి.

ఇంకో రెండు అంకెలు గుర్తుపెట్టుకోండి. ఒకటి 3,000. బండి, సరుకు అన్నీ కలిపిన మొత్తం బరువు, అదే ఆర్‌సీలో జీవీడబ్ల్యూ అని ఉంటుంది, అది 3,000 కిలోలు దాటకపోతే గూడ్స్ పర్మిట్ అక్కర్లేదు. దాటితే కావాలి. రెండు 7,500. మొత్తం బరువు 7,500 కిలోల లోపు బండిని మామూలు ఎల్ఎంవీ లైసెన్సుతో నడపొచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. 2024 నవంబర్ 6న ఐదుగురు జడ్జీల ధర్మాసనం అదే మాట ఖాయం చేసింది. "నీకు బ్యాడ్జి లేదు, ఇన్సూరెన్స్ రాదు" అని ఎవరైనా భయపెడితే ఈ తీర్పు గుర్తుచేయండి.

రెండో ప్రశ్న, ఏ రోడ్డు. మన వైజాగ్‌లో ఒకే ఊళ్ళో మూడు రకాల రోడ్లున్నాయి. ఒకటి సముద్రం పక్క. ఫిషింగ్ హార్బర్‌లో చేపల బండి చూడండి, పైనుంచి ఐసు నీళ్ళు, ఉప్పు కలిసి కారుతూనే ఉంటాయి. అది తొట్టె అతుకుల్లోకి, అక్కడి నుంచి చాసిస్‌లోకి దిగుతుంది. ఇంజన్ బాగానే ఉంటుంది, కింద ఇనుము తినేసి ఉంటుంది. అలాంటివాళ్ళు ఇంజన్ గురించి ఎంత అడుగుతారో, కింద వేసే కోటింగ్ గురించి అంతకంటే ఎక్కువ అడగాలి. రోజూ మంచి నీళ్ళతో కింద కడగాలి.

రెండోది ఘాట్. శృంగవరపుకోట దాటి అనంతగిరి మీదుగా అరకు నుంచి కూరగాయలు తెచ్చేవాళ్ళకి ఎక్కడం ఒక్కటే సమస్య కాదు, లోడుతో దిగడం అంతకంటే కష్టం. తక్కువ ఆర్‌పీఎంలోనే బలం ఇచ్చే పెద్ద ఇంజన్, నమ్మకమైన బ్రేకులు కావాలి. అక్కడ మైలేజీ చూసి చిన్న ఇంజన్ కొంటే, క్లచ్ ప్లేట్ల రూపంలో ఆ డబ్బు తిరిగి కట్టేస్తారు.

మూడోది మా బావ రోడ్డు. గాజువాక నుంచి కూర్మన్నపాలెం, పెందుర్తి, ఎన్‌ఏడీ. అయిదు కిలోమీటర్లు వెళ్ళడం, గంట ఆగడం. ఇక్కడ ఒక కొత్త సమస్య ఉంది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 వచ్చాక డీజిల్ బండ్లలో పొగ మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ పెడుతున్నారు. ఆ మసి కాలిపోవాలంటే ఫిల్టర్ బాగా వేడెక్కాలి. రోజంతా చిన్న చిన్న ట్రిప్పులే అయితే అది వేడెక్కదు, మసి పేరుకుపోతుంది, డ్యాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది. ఆ లైటు వెలిగాక "తర్వాత చూద్దాంలే" అనకండి. హైవే ఎక్కించి, బండి పుస్తకంలో చెప్పినట్టు కొంతసేపు ఆపకుండా నడపండి. ఊళ్ళో పార్సిళ్ళు మాత్రమే తిప్పేవాళ్ళైతే అసలు డీజిల్ ఎందుకు? పెట్రోల్, సీఎన్‌జీ సూపర్ క్యారీ ఉంది, రెండు ఇంధనాలతో నడిచే ఇంట్రా వీ20 ఉంది, కరెంటు ఏస్ కూడా ఉంది.

ఇక మూడో ప్రశ్న. బండి ఆగితే ఎక్కడ ఆగుతుంది?

ఇది విన్నప్పుడు నాకు ఒక్కసారి మా నాన్న గుర్తొచ్చారు. నేను బీటెక్ రెండో సంవత్సరంలో ఉండగా నాన్న ఒక సెకండ్ హ్యాండ్ పికప్ కొన్నారు. కంపెనీ పేరు చెప్పను, ఇక్కడ దానితో పని లేదు. ధర తక్కువ, ఇంజన్ నున్నగా ఉంది. ఓ రోజు ఒక సెన్సార్ పోయింది. చేతిలో పట్టేంత వస్తువు. అది వైజాగ్‌లో దొరకలేదు. ఇరవై రెండు రోజులు బండి నిలబడింది. ఈఎంఐ తేదీ మాత్రం నిలబడలేదు. ఫైనాన్స్ వాళ్ళు ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నారు. నాన్న ఆ రోజు మధ్యాహ్నం అన్నం తినలేదు. ఆ తర్వాత బండి అమ్మేశారు, నష్టానికే.

నా ఎక్సెల్ షీట్‌లో ఆ ఇరవై రెండు రోజులకి గడి పెట్టలేదండి. ఇంట్లో జరిగింది కూడా మర్చిపోయి, మైలేజీకి పదికి ఎన్ని అని లెక్కలేస్తూ కూర్చున్నాను.

లెక్క ఇలా చూడండి. ఉదాహరణకి ఈఎంఐ 18,000, నెలలో 24 రోజులు పని అనుకుందాం. బండి కదిలినా కదలకపోయినా పని రోజుకి 750 రూపాయలు పోతూనే ఉంటాయి. మైలేజీ లీటరుకి ఒక కిలోమీటరు ఎక్కువొచ్చి నెలంతా మిగిల్చేది, రెండు మూడు రోజులు షెడ్డులో ఉంటే హుష్. అందుకే సరుకు బండికి నమ్మకం అంటే అసలు చెడకపోవడం కాదు. చెడితే రేపు సాయంత్రానికి రోడ్డెక్కడం.

సరే, మరి ఎలా కనిపెట్టాలి? మేస్త్రీ చెప్పిన పద్ధతే నేనూ బావా చేశాం. ఆటోనగర్‌లో నాలుగు స్పేర్ పార్ట్స్ షాపులకి వెళ్ళి, ఒక్కో మోడల్‌కి క్లచ్ సెట్టు, కమాను పట్టీ, ఫ్యూయల్ ఫిల్టర్, ఒక సెన్సార్ ఉన్నాయా, ధరెంత అని అడిగాం. ఉంది అన్నవాడికి ఒక మార్కు, రేపు తెప్పిస్తా అన్నవాడికి అర, "షోరూంలో ఆర్డర్ పెట్టుకోండి" అంటే సున్నా. తర్వాత ఐరన్ షాపు ముందు లోడింగ్ కోసం నిలబడిన డ్రైవర్లని అడిగాం. ఓనర్లని కాదు, డ్రైవర్లని. "లక్ష కిలోమీటర్లు దాటాక మొదట ఏం పోయింది?" ఇదొక్కటే ప్రశ్న. చివరగా షోరూంలో ఖాళీ బండి టెస్ట్ డ్రైవ్ వద్దని, లోడు వేసి నడపనిస్తేనే మాట్లాడతామన్నాం. కొందరు ఒప్పుకున్నారు, కొందరు ఒప్పుకోలేదు. అదీ ఒక సమాధానమే.

ఈ లెక్క తర్వాత నా షీట్‌లో మొదటిది మూడోదానికి పడిపోయింది, మూడోది మొదటికొచ్చింది. బావ తీసుకుంది బొలెరో పికప్. కారణం ఒక్కటే: మేం అడిగిన నాలుగు షాపుల్లోనూ దాని సామాను ఉంది, బావ తిరిగే దారిలో దాన్ని విప్పి బిగించగల మేస్త్రీలు ఉన్నారు. మీ ఊళ్ళో అదే ప్రశ్నలు వేస్తే సమాధానం యోధా రావచ్చు, దోస్త్ రావచ్చు. మీరు అరకు నుంచి దిగేవాళ్ళైతే ఇంకోటి రావచ్చు. కాబట్టి నా సమాధానం కాపీ కొట్టకండి, ప్రశ్నలు కాపీ కొట్టండి.

చివరిగా ఒక్క మాట. బండి తీసిన రెండో నెలలో బావ ఫోన్ చేశాడు. ఒక షాపాయన రెండు టన్నులు ఒకేసారి వేయమన్నాడట. బావ కుదరదన్నాడు, రెండు ట్రిప్పులు వేశాడు. ఆయన ఒక ట్రిప్పు కిరాయే ఇచ్చాడు. "కోపం రాలేదా బావా?" అన్నాను. "వచ్చినాది. కానీ ఎక్కించేటప్పుడు ఊచలు కనబళ్ళేదు రా, మీ అక్క గొలుసు కనబడినాది" అన్నాడు.

కొత్త బండికి ఎఫ్‌సీ మొదట రెండేళ్ళకి, ఎనిమిదేళ్ళు దాటాక ఏటా. కంపెనీ ఇచ్చే వారంటీ మూడేళ్ళో, ఇన్ని కిలోమీటర్లో, ఏది ముందైతే అది. ఆ తర్వాత బండిని కాపాడేది కంపెనీ కాదు, బావ లాంటి డ్రైవర్ చెప్పే ఆ "కుదరదు" అనే మాటే.

బండి కొనే ఆలోచనలో ఉన్నవాళ్ళు ఎవరైనా మీకు తెలిస్తే, డబ్బు కట్టకముందే ఈ మూడు ప్రశ్నలూ వాళ్ళకి చెప్పండి. మళ్ళీ కలుద్దాం. ఉంటానండి.