పదో నంబరు వాడలో డప్పుకు చోటేది?

(వినగడప మాదిగపల్లెలో పాటలు కట్టి పాడుతున్న యువతీయువకుల ముందు మేము మాట్లాడిన మాటల పాఠం)





మమ్మల్ని మీరు పిలిచింది ఉపన్యాసం ఇమ్మని కాదు, ఇంట్లో పాట రికార్డు చేసుకునే సంగతి చెప్పమని. నిన్న రాత్రి ఒక తమ్ముడు ల్యాప్‌టాప్ తెరిచి అడిగాడు. "దరువు వేసుకున్నాం. అందులో తాళం చప్పుడు ఎక్కువైంది. దాన్ని తగ్గిద్దామని పోతే మొత్తం దరువే తగ్గిపోతోంది. ఏం చెయ్యాలి?" ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికే వచ్చాం. ఏ చప్పుడు పైకి వినపడాలి, ఏది కింద పడి ఉండాలి అని తేల్చే మీట ఎవరి చేతిలో ఉంది? ప్రశ్న అదీ.

ఇదివరకు ఆ మీట మన చేతిలో లేదు. పాట పట్టుకుని బెజవాడ పోవాలి. కట్టలేరు పొంగిందా, అదీ లేదు. పోయినా ఏం జరిగేది? ఒక స్టూడియోలో మాకు జరిగింది చెప్తాం. డప్పు కొట్టే అన్నను నాలుగు గంటలు కూచోబెట్టారు. ఆఖరుకు "ఇది గోలగా ఉందండీ, ప్యాడ్ మీద వేసేద్దాం" అన్నారు. ప్యాడ్ మీద వచ్చింది డప్పు కాదు, రేకు డబ్బా. అన్నకు దారి ఖర్చులు ఇచ్చి పంపాం. పాట బయటికొచ్చింది. పాటలో మన మాట ఉంది, మన చప్పుడు లేదు. గోల అనే పేరు పెట్టిందెవరు? వీణను గోల అన్నవాణ్ణి మేమింకా చూళ్ళేదు.

సరే, యంత్రం దగ్గరికొద్దాం. భయపడాల్సిందేం లేదు.

మిడి అంటే చప్పుడు కాదు, ఆజ్ఞ. ఏ మీట, ఎప్పుడు, ఎంత గట్టిగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అన్న లెక్క మాత్రమే అందులో ఉంటుంది. చప్పుడు చేసేది వేరే. అమెరికాలో డేవ్ స్మిత్, జపాన్‌లో రోలాండ్ కంపెనీ పెట్టిన కాకెహాషి ఇద్దరూ పూనుకుంటే, వేరువేరు కంపెనీల వాయిద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేటందుకు 1983లో ఈ భాష వచ్చింది. అందులో 16 చానళ్ళు. 1991లో జనరల్ మిడి అని ఒక ఉమ్మడి జాబితా కట్టారు. ఆ జాబితా ప్రకారం దరువు వాయిద్యాలన్నిటికీ పదో చానలు. మిగతా వాయిద్యాలు పదిహేను వీధుల్లో విశాలంగా ఉంటే తోలూ కర్రా రేకూ అన్నిటినీ కలిపి పదో నంబరు వాడలో పెట్టారు. నవ్వకండి! ఇది మనమీద కుట్రేం కాదు. డోలు చప్పుడుకు సరిగమల మెట్లు అక్కర్లేదు కాబట్టి, ఒక్కో మెట్టుకు ఒక్కో చప్పుడు కట్టెయ్యడం వాళ్ళకు సులువు. 36 నొక్కితే పెద్ద డ్రమ్ము, 38 నొక్కితే స్నేర్, 42 మూసిన తాళం, 46 తెరిచిన తాళం. 35 నుంచి 81 దాకా 47 చప్పుళ్ళు. అన్నీ ఒకే ట్రాకులో ఉండబట్టే, తమ్ముడు ఫేడర్ కిందికి లాగితే అన్నీ కిందికి పోయాయి.

ఆ జాబితాలో ఏముందో కూడా చూడండి. బాంగో ఉంది, కాంగా ఉంది, బ్రెజిల్ వాళ్ళ క్వీకా రెండు రకాలుంది. రాగం పలికే 128 వాయిద్యాల జాబితాలో మనదేశం నుంచి 105వ నంబరు సితార, 112వ నంబరు షెహనాయి. తోలు వాయిద్యాల్లో మాత్రం మనదేశం నుంచి ఒక్కటీ లేదు. తబలా లేదు, మృదంగం లేదు, డప్పు సంగతి చెప్పనే అక్కర్లేదు. 117 నంబరు చూడండి, జపాన్ వాళ్ళ తైకో. ఆ తైకోకు తోలు బిగించిన చేతులు ఎవరివి? బురాకు జనానివి. తోలు పని చేసినందుకే అక్కడా ఊరవతల ఉంచారు వాళ్ళను. ఒసాకా నగరంలో నానివా అనే చోట, తరాలుగా తైకోలు తయారుచేసిన బురాకు పేట పిల్లలు 1987లో తామే కర్రలు పట్టుకుని బృందం కట్టారు. పేరు ఇకారి. ఇకారి అంటే కోపం. తయారు చేసేది మేము, కొట్టి పేరు తెచ్చుకునేది మీరా అని అడిగారన్నమాట. తైకోకు నంబరు దొరికింది గాని, దాన్ని చేసినవాడి పేరు ఏ జాబితాలోనూ లేదు.

ఇక చప్పుళ్ళను విడదీసే పద్ధతి. మూడు దారులున్నాయి.

ఒకటి, ఆజ్ఞలోనే బలం తగ్గించడం. వెలాసిటీ అంటారు, 1 నుంచి 127 దాకా. మిడి ఎడిటర్‌లో 42వ వరుసంతా పట్టుకుని 110 ఉన్నదాన్ని 70 చెయ్యొచ్చు. తొందర పనికి సరిపోతుంది. కాని ఒక చిక్కుంది. మంచి వాయిద్యంలో వెలాసిటీ తగ్గితే చప్పుడు చిన్నదవడమే కాదు, దాని రంగే మారుతుంది. మెల్లగా కొట్టిన డప్పు, గట్టిగా కొట్టి దూరం నుంచి విన్న డప్పు ఒకటి కావు గదా! మీకు కావలసింది రెండోదైతే ఈ దారి పనికిరాదు.

రెండోది, మేము చేసేది. ఒక్కో నోటును ఒక్కో ట్రాకుగా విడగొట్టడం. చాలా సాఫ్ట్‌వేర్‌లలో దీనికి ఆజ్ఞ ఉంటుంది. లేకపోయినా పర్లేదు. ట్రాకును అయిదుసార్లు నకలు తీసి, ఒక్కోదాంట్లో ఒక్క వరుస ఉంచి మిగతావి చెరిపెయ్యండి. ఒక్కో ట్రాకు మీద డ్రమ్ము వాయిద్యాన్ని విడిగా పెట్టండి. ఇప్పుడు ఒక్కోదానికి ఒక్కో ఫేడర్. తాళాన్ని ఎడమకు నెట్టొచ్చు, ఒక్క దెబ్బకే గుడి గంట మోతలాంటి మారుమోత పెట్టొచ్చు. ఎల్ఎంఎంఎస్ అని ఉచితంగా దొరికేది ఉంది. దాంట్లో మొదట్నించీ ఒక్కో చప్పుడుకు ఒక్కో వరుసే.

మూడోది, ఆజ్ఞలన్నీ ఒకే ట్రాకులో ఉంచి, చప్పుడు బయటికొచ్చే దారులు మాత్రం వేరు చెయ్యడం. డ్రమ్ము ప్లగిన్‌లో ఒక్కో గడికి ఒక్కో అవుట్‌పుట్ ఇస్తారు. రీపర్ లాంటి దాంట్లో ఈ దారులన్నిటికీ ట్రాకులు ఒక్క ఆజ్ఞతో పుడతాయి. చాలా ట్రాకులుండే పెద్ద పాటకు ఇదే మేలు. అయితే ప్లగిన్‌కు ఆ వసతి ఉండాలి, అన్నిటికీ ఉండదు.

ఇక అసలు సంగతికొద్దాం. విడదీయడం వచ్చింది. విడదీసి చూస్తే ఏముంది? వాళ్ళ స్నేర్, వాళ్ళ తాళం. డప్పు మనమే పెట్టుకోవాలి. డప్పును "ఒక చప్పుడు"గా ఎక్కించకండి. ప్యాడ్ వాళ్ళు చేసే మోసం అదే. కుడిచేతి సిర్ర మధ్యలో పడితే ఒక పలుకు, అంచున పడితే ఇంకో పలుకు. ఎడమచేతి చిటికెన పుల్లది సన్నటి పలుకు. రెండూ కలిసి పడితే ఒకటి. తోలు మీద చెయ్యి ఆనించి కొడితే మూసుకుపోయిన పలుకు. కనీసం ఈ అయిదు. ఒక్కోటీ మెల్లగా, నడిమిగా, గట్టిగా మూడు బలాల్లో కొట్టించాలి. ఒక్కో బలంలో నాలుగేసి దెబ్బలు. అంటే 60 దెబ్బలు. నాలుగెందుకు? ఒకే దెబ్బ మళ్ళీ మళ్ళీ వస్తే చెవి ఇట్టే పసిగడుతుంది, కుట్టుమిషను మోతలా ఉంటుంది. నాలిగిటిని వంతులవారీగా తిప్పితే మనిషి కొట్టినట్టుంటుంది.

డప్పు సెగ పెట్టాక బిగుస్తుంది, చల్లారేకొద్దీ పలుకు దిగిపోతుంది. కాబట్టి ఒక్క సెగకు ఒక్క పలుకు తాలూకు 12 దెబ్బలూ తీసెయ్యాలి. మళ్ళీ సెగ పెట్టి ఇంకోటి. ఎంత బిగువు వస్తే చాలు అన్నది కొట్టేవాడి చెవి చెప్తుంది, మీటరు కాదు. మైకును డప్పుకు ఎదురుగా బారెడు దూరంలో పెట్టండి. ఫ్యాను ఆపండి. కోళ్ళను తోలండి! చివరి మోత పూర్తిగా ఆరిపోయేదాకా ఎవరూ దగ్గొద్దు.

ఈ ముక్కలన్నీ కత్తిరించి, ఏ నోటుకు ఏ ముక్క, ఏ బలానికి ఏది అని ఎస్‌ఎఫ్‌జెడ్ అనే మామూలు అక్షరాల ఫైలులో రాసుకోవచ్చు. స్ఫోర్జాండో అనే ఉచిత ప్లేయర్ దాన్ని చదువుతుంది. మూసిన పలుకు పడగానే తెరిచిన పలుకు మోత ఆగేటట్టు కూడా అందులోనే రాయొచ్చు, తాళాలకు చేసేది అదే. నంబర్లు 36 నుంచి మొదలుపెట్టండి. మీ ఫైలు ఇంకొకరి కంప్యూటర్‌కు పోతే సిర్ర దెబ్బ పెద్ద డ్రమ్ములా మోగుతుంది, నిజమే. వేషం మారుతుంది గాని దరువు ఉంటుంది. 81 దాటిన నంబర్లు పెడితే అసలు మోగకనే పోవచ్చు. వరుసల పేర్లు మాత్రం స్నేర్, కిక్ అని ఉంచకండి. మీ పెద్దలు ఆ దెబ్బను ఏ పేరుతో పిలుస్తారో ఆ పేరే తెలుగులో రాయండి.

ఇంకోటి. సాఫ్ట్‌వేర్ తెరవగానే సాధారణంగా నాలుగు దెబ్బల తాళం, నిమిషానికి 120 వేగం పెట్టి ఉంటుంది. మన దరువుల్లో మూళ్ళూ ఆర్లూ ఎక్కువ. ముందు అది మార్చండి. తరవాత క్వాంటైజ్ అనే మీటతో జాగ్రత్త. దెబ్బల్ని గీతల మీదికి ఈడ్చి కూచోబెడుతుంది. నూటికి నూరు పెడితే డప్పు పోలీసు కవాతు అవుతుంది. ట్రాకులు విడదీశాం గనక ఒక వెసులుబాటుంది. చిటికెన పుల్లను సగం మేరకు సరిచెయ్యండి, సిర్రను ముట్టుకోకండి.

మిగిలింది మనిషి సంగతి. 1994లో ఈదుముడి నుంచి దండోరా లేచినప్పటినుంచీ డప్పు మనకు జెండా అయింది. అదే డప్పును ఊరి చావులకు వెట్టిగా కొట్టనని అవతల పెట్టిన పెద్దలూ మనలోనే ఉన్నారు. వాళ్ళ దగ్గరికెళ్ళి "తాతా, ఓసారి కొట్టు" అనడం తేలికమాట కాదు. ఎందుకడుగుతున్నామో చెప్పాలి, వద్దంటే ఊరుకోవాలి. ఒప్పుకుంటే రోజు కూలి ఇచ్చి చేతులు దులుపుకోవద్దు. ఆ 60 దెబ్బలు ఆయన పోయాకా మోగుతాయి. ఆ చేతికి రేపు పెళ్ళికీ సభకూ పిలుపు రాకుండా చేసేది మన ల్యాప్‌టాపే కావచ్చు. అందుకని మా షరతులు ఇవి. ఫైళ్ళ మీద ఆయన పేరుండాలి. ఆయన్ని అడక్కుండా ఇంకెవరికీ ఇవ్వకూడదు. పాట డబ్బు తెస్తే అందులో ఆయనకు వాటా, కాగితం మీద రాసుకుని. ఇక సభలో ఎదురుగా పాడేటప్పుడు ల్యాప్‌టాప్ పెట్టకూడదు, మనిషినే పిలవాలి.

సాయంత్రం గాలి తగ్గాక మొదలుపెడదాం. ఎండుగడ్డి కొంచెం ఎక్కువే తెచ్చుకోండి, అయిదు సెగలు కావాలి. ఫోన్లన్నీ ఆపెయ్యండి. రికార్డు చేసే ఫోను కూడా ఫ్లయిట్ మోడ్‌లో పెట్టండి.