కాలితో పాటు తిరిగే చక్రం

సైకిలు ఎరుగని ఇల్లు మన దేశంలో అరుదు. తొక్కడం ఆపి, పెడళ్ళపై కాళ్ళు ఊరక నిలిపి, పల్లంలో హాయిగా జారిపోవడం మనందరికీ చిన్ననాటి అనుభవమే. ఆ హాయి మనకు వెనుక చక్రంలోని ఫ్రీవీల్ అనే చిన్న పరికరం ఇచ్చిన వరం. అయితే ఆ వరాన్ని కోరి వదులుకునే వారు కొందరు ఉన్నారు. వారి సైకిలును ఫిక్స్‌డ్ గేర్ సైకిలు అంటారు. అందులో చక్రం తిరిగినంతసేపు పెడళ్ళు తిరుగుతూనే ఉంటాయి. కాలు ఆగితే చక్రం ఆగాలి. చక్రం ఆగకపోతే కాలు ఆగరాదు.

ఇది కొత్త వింత ఏమీ కాదు. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ తయారు చేసిన రోవర్ సైకిలు ఇట్టిదే. ఫ్రీవీల్ వాడుకలోకి వచ్చింది ఆ తరువాతనే. నేటికీ పందెపు బాటలపై పరుగెత్తే సైకిళ్ళు ఫిక్స్‌డ్ గేర్‌వే. 2002 జాతీయ క్రీడల కోసం ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో నిర్మించిన వెలోడ్రోమ్ అట్టి సైకిళ్ళ కోసమే. అక్కడ బ్రేకులు ఉండవు. ఎదురు వచ్చేవారు లేరు, అడ్డు తగిలే బస్సు లేదు, కనుక అక్కర లేదు.

ఇటీవల ఈ సైకిలు మన వీధులలోకి కూడా వచ్చింది. 2023 అక్టోబరులో ఔటర్ రింగ్ రోడ్డు వెంట 23 కిలోమీటర్ల పొడవున, సౌరఫలకాల కప్పుతో సైకిలు బాట ప్రారంభమైన తరువాత, సైబరాబాదు కార్యాలయాలలో పనిచేసే యువకులలో సైకిలు సరదా మరింత పెరిగింది. ఖాజాగూడ ఆ ప్రాంతానికి చేరువ. ఒక ప్రక్క చెరువు, మరొక ప్రక్క అతి పురాతనమైన గ్రానైటు గుట్టలు. అక్కడి దారులలో ఎత్తుపల్లాలకు కొదవ లేదు.

ఆ పల్లాలలో ఒకదానిలో మా పరిచయస్థుడైన యువకుడు ఒకనాటి ఉదయం పడ్డాడు. అదృష్టవశాత్తు ఇసుక గుట్ట మీద పడ్డాడు. మోచేయి గీసుకుపోవడంతో సరిపోయింది. తరువాత ఆ సైకిలును మాకు చూపి, "వేగం తగ్గించుదామని కాళ్ళు బిగబట్టాను సార్, పెడళ్ళు ఒక్కసారిగా తేలికైపోయాయి" అన్నాడు. ఆ మాటలోనే కారణం అంతా ఉన్నది. అది తెలియాలంటే హబ్బు నిర్మాణం కొంత తెలియాలి.

చక్రం నడుమ ఉండే హబ్బుకు కుడి వైపున మర కోసి ఉంటుంది. దాని మీద పళ్ళచక్రాన్ని త్రిప్పి బిగిస్తారు. అది కుడిచేతి మర. అనగా గడియారపు ముల్లు తిరిగే దిశలో త్రిప్పితే బిగుస్తుంది. ముందుకు తొక్కినప్పుడు గొలుసు పళ్ళచక్రాన్ని ఆ దిశలోనే లాగుతుంది గనుక, తొక్కిన కొద్దీ అది బిగుస్తూ పోతుంది. ఫ్రీవీల్‌కు ఇంతకంటె అవసరం లేదు. కాని ఫిక్స్‌డ్ గేర్‌లో కాళ్ళతో వెనుకకు ఒత్తి వేగం తగ్గించుతారు. అప్పుడు అదే గొలుసు పళ్ళచక్రాన్ని విప్పే దిశలో లాగుతుంది.

దీనికి పూర్వులు కనిపెట్టిన ఉపాయం మెచ్చుకోదగినది. పళ్ళచక్రం బయటి ప్రక్కన, కొంచెం చిన్న కొలతలో, ఎడమచేతి మర కోసి, దానిపై లాక్ రింగు అనే వలయాన్ని బిగించారు. పళ్ళచక్రం విప్పుకొనబోతే వలయాన్ని తనతో త్రిప్పబోతుంది. ఆ త్రిప్పుడు వలయానికి బిగింపు అవుతుంది. ఒకటి విడివడదలచితే రెండవది బిగుసుకుంటుంది. మా యువకుడి సైకిలులో ఉన్నది మామూలు ఫ్రీవీల్ హబ్బు. దానికి రెండవ మర లేదు. పళ్ళచక్రాన్ని గట్టిగా త్రిప్పి, జిగురు పూసి వదిలివేశారు. మొదటిసారి నిజంగా వెనుకకు ఒత్తవలసి వచ్చిన క్షణంలో అది విప్పుకొన్నది. అతనికి వేరే బ్రేకు లేదు.

రెండు మరలు ఉన్న సరియైన హబ్బుకు కూడా ఒక బలహీనత ఉన్నది. హబ్బు అల్యూమినియంది, పళ్ళచక్రం ఉక్కుది. లాక్ రింగు కొంచెం వదులైనా, ముందుకు వెనుకకు ఊగే ఉక్కు మెత్తని మరను అరగదీస్తుంది. మర పోతే హబ్బు పోయినట్లే. స్పోకులన్నీ విప్పి చక్రాన్ని మరల అల్లుకోవలసినదే.

ఈ చిక్కుకు మరొక పరిష్కారం బోల్టులతో బిగించే పళ్ళచక్రం. డిస్కు బ్రేకు కోసం చేసే హబ్బులలో ఎక్కువ వాటికి ఎడమ వైపున ఆరు రంధ్రాల ముఖం ఉంటుంది. 44 మిల్లీమీటర్ల వ్యాసం గల వృత్తం మీద, 5 మిల్లీమీటర్ల బోల్టులు ఆరు. చక్రాన్ని తిరగేసి పెడితే ఆ ముఖం గొలుసు వైపునకు వస్తుంది. అక్కడ డిస్కుకు బదులు ఆరు రంధ్రాల పళ్ళచక్రాన్ని బిగిస్తారు. బ్రేకు పట్టినప్పుడు ఆ ముఖంపై ఒత్తిడి ఏ దిశలో పడేదో, తిరగేసిన తరువాత ముందుకు తొక్కే ఒత్తిడి కూడా ఆ దిశలోనే పడుతుంది. ఈ పనికే ప్రత్యేకంగా చేసిన హబ్బులు కూడా ఉన్నవి.

ఆరు చిన్న బోల్టులు ఆగగలవా అని సందేహం కలగవచ్చు. లెక్క చూద్దాం. 70 కిలోల మనిషి 17 సెంటీమీటర్ల క్రాంకుపై బరువంతా మోపి నిలిచాడనుకొందాం. ముందు 48 పళ్ళు, వెనుక 16 పళ్ళు ఉంటే, ఆ మెలిక మూడవ వంతై వెనుకకు చేరుతుంది. అది ఆరు బోల్టులకు పంచితే ఒక్కొక్కదాని వాటా సుమారు 30 కిలోలు. సరిగా బిగించిన ఒక్క బోల్టు రెండు లోహపు ముఖాలను కొన్ని వందల కిలోల బలంతో అదిమి పట్టుతుంది. భారాన్ని మోసేది ఆ రాపిడియే. బోల్టులు అదిమి పట్టేవి మాత్రమే. పైగా ముందు చక్రానికి డిస్కు బ్రేకును గట్టిగా పట్టినప్పుడు ఇటువంటి ఆరు బోల్టులపైననే దీనికి మూడు నాలుగు రెట్ల మెలిక పడుతుంది.

విప్పడం కూడా సులభం. చిన్న అలెన్ తాళపు చెవి చాలు. ఒక బోల్టు వదులైనా మిగిలిన ఐదు కొంతసేపు నిలుపుతాయి. మరలో వలె ఒక్కసారిగా అంతా చేజారదు. అయినను ఇందులో లోపాలు లేకపోలేదు. మరీ చిన్న పళ్ళచక్రం పనికిరాదు. 13 పళ్ళ చక్రం మీద గొలుసు తిరిగే వృత్తం వ్యాసం 53 మిల్లీమీటర్లే; బోల్టు తలలకే అంత చోటు కావాలి. ముందు వెనుక పళ్ళచక్రాలు ఒకే వరుసలో ఉండేటట్లు సన్నని వలయాలు పెట్టి సరిచూడాలి. వరుస తప్పితే గొలుసు జారుతుంది. తిరిగే ఫిక్స్‌డ్ చక్రంపై గొలుసు జారడం మిక్కిలి ప్రమాదకరం. వెలోడ్రోమ్ వీరులు ఇప్పటికీ ఎక్కువగా మర పద్ధతినే వాడడానికి కారణం, ఎవరి పళ్ళచక్రమైనా ఎవరి హబ్బుకైనా పట్టడమే.

మరది మేలా, బోల్టుది మేలా అని మా యువకుడు అడిగాడు. రెండూ మంచివే, సరిగా చేసినప్పుడు. చెడ్డది మూడవది ఒక్కటే: విప్పే దిశను గూర్చి ఆలోచించకుండా బిగించినది. పళ్ళచక్రం మీదుగా హబ్బు వరకు గోళ్ళరంగుతో ఒక సన్నని గీత గీసుకోవచ్చు. గీత రెండుగా విడిపోతే ఏదో కదిలిందని అర్థం. కొత్తగా బిగించిన బోల్టులను మొదటి కొద్ది ప్రయాణాల తరువాత మరల చూసుకోవాలి.

అన్నిటికంటె ముఖ్యం, వీధిలో తిరిగే ఏ సైకిలుకైనా ముందు చక్రానికి చేతి బ్రేకు. గంటకు 45 కిలోమీటర్ల వేగంతో పల్లం దిగితే, మనం చెప్పుకొన్న పళ్ళ లెక్కన, కాళ్ళు నిమిషానికి సుమారు 120 చుట్లు తిరగాలి. అంత వేగంగా తిరిగే కాళ్ళను బ్రేకుగా వాడడం సాధన ఉన్నవారికే కష్టం. ఇక ఆ కాళ్ళకు, చక్రానికి నడుమ ఉన్న బంధం ఒక వేలెడు మర, లేదా ఆరు బోల్టులు.

ఆ యువకుడు ఇప్పుడు ఆరు బోల్టుల హబ్బు వేయించుకొన్నాడు. దానితో పాటు ముందు బ్రేకు కూడా పెట్టించాడు. "దీని వలన సైకిలు అందం కొంచెం తగ్గింది సార్" అన్నాడు. తగ్గనీ. ఆ పల్లంలో ఇసుక గుట్ట ఎల్లవేళలా ఉండదు గదా.