కానరాని చూడినష్టము

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఈనాడు మేము తమతో ముచ్చటింపదలచిన విషయము వినగానే కొంత వింతగా తోచవచ్చును. న్యూజీలాండు దేశమున దొడ్లలో పెంచబడు దుప్పులకు చూలు నిలువక పోవుట మా ప్రసంగ విషయము. మన ప్రాంతమున దుప్పులను పెంచుకొను రైతులు లేరు, ఉండరాదు కూడను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి మన అడవులలోని దుప్పిని గాని కణుజును గాని పట్టుటయు, చంపుటయు నేరములు. అట్టిచో ఆ దేశపు దుప్పుల కథ మనకేల అని తాము అడుగవచ్చును. ఆ దుప్పుల చూలును పోగొట్టిన సూక్ష్మజీవియే మన గొర్రెల మందలలోను, మేకల దొడ్లలోను సంచరించుచున్నది. 2019 పశుగణన ప్రకారము తెలంగాణమున సుమారు 1 కోటి 90 లక్షలు, ఆంధ్రప్రదేశమున 1 కోటి 76 లక్షలు గొర్రెలు కలవు. దేశమందలి గొర్రెలలో దాదాపు సగము మన రెండు రాష్ట్రములలోనే యున్నవన్నమాట. కనుక ఆ పరదేశపు కథ మన గడపకు దూరమైనది కాదు.

న్యూజీలాండునకు దుప్పి పుట్టినింటి జంతువు కాదు. 19వ శతాబ్దమున ఇంగ్లండునుండి వలస వచ్చినవారు ఎర్రదుప్పులను ఓడలలో తెచ్చి, వేట వినోదము కొరకు కొండలలో విడిచిరి. పులి లేదు, తోడేలు లేదు. అవి పెచ్చుపెరిగి అడవులను మేసివేయసాగెను. 1930 తరువాత ప్రభుత్వమే జీతగాండ్రయిన వేటగాండ్రను నియమించి వాటిని చంపింపవలసి వచ్చినది. పిమ్మట దుప్పిమాంసమునకు ఇతర దేశములలో గిరాకి ఏర్పడుటతో, చంపుటకంటె పట్టి పెంచుటయే లాభమని వారికి తోచెను. 1970లో మొదటి దుప్పి పెంపకపు లైసెన్సు ఇయ్యబడినది. హెలికాప్టరులనుండి వలలు విసరి, కొండలలోని దుప్పులను ప్రాణములతో పట్టి తెచ్చిరి. మొన్నటివరకు చీడగా భావించిన మృగము నేడు పాడిపశువు వలె కంచెలలో చేరెను! (మన తెలుగువారు తరతరములుగా నివసించుచున్న మారిషస్ ద్వీపమునను దుప్పుల పెంపకము కలదు. ఆ దుప్పులను 1639లో డచ్చివారు జావానుండి తెచ్చిరి.)

ఇక నష్టము సంగతి. ఆ దేశమున ఎర్రదుప్పులు మార్చి, ఏప్రిల్ నెలలలో జతకట్టును; ఏడున్నర నెలలకు పైగా చూలు మోసి, నవంబరు, డిసెంబరులలో ఈనును. ఈతకు ఒకటే పిల్ల. కనుక ఒక చూలు పోయినచో ఆ ఆడుదుప్పికి ఆ యేడు పోయినట్లే. డిసెంబరు గడచినను ఈనని దుప్పిని చూచి రైతు “ఇది మగదానితో కలియలేదు” అనియో, “ఇది గొడ్డుది” అనియో తలచి కబేళాకు పంపివేయుచుండెను. అందు అతని తప్పేమున్నది? నేలమీద పడిన పిండము ఎన్నడును అతని కంట పడలేదు. చిన్న పిండము కడుపులోనే కరగిపోవుటయో, పడినది గద్దల పాలగుటయో జరుగుచుండెను.

స్కానింగు యంత్రము వచ్చిన తరువాత ఈ తెర తొలగినది. చూలు నిలిచిన కొద్ది వారములకు ఒకసారి, మరికొంత కాలమునకు ఇంకొకసారి అవే దుప్పులను పరీక్షించి చూడగా, మొదట చూడితో నున్నవానిలో కొన్ని రెండవసారికి వట్టిపోయియుండెను. అనగా అవి గొడ్డువి కావు. చూలు నిలిచి పోయినది. ఆ దేశపు మాసీ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2010 తరువాతి సంవత్సరములలో పెక్కు దొడ్లలో ఈ విషయమును పరిశోధించిరి. తొలిచూలు పడుచు దుప్పులలో నష్టము ఎక్కువగను, ముదురు దుప్పులలో తక్కువగను కానవచ్చెను. రక్తమును, పిండమును, గర్భసంచిని పరీక్షింపగా టాక్సోప్లాస్మా అను పరాన్నజీవి జాడలు దొరకినవి. కొన్నింట నియోస్పోరా అను దాని దాయాది జాడలును దొరకినవి. నష్టమంతయు ఈ రెండింటి పనియే యని వారు చెప్పలేదు. చెప్పక పోవుటే వారి నిజాయితీకి గుర్తు.

ఈ టాక్సోప్లాస్మాను 1908లో ట్యూనిస్ నగరమున ఒక ఎలుకజాతి జంతువులో మొదట కనుగొనిరి. గొర్రెలు ఈసుకొనిపోవుటకు ఇది కారణమని 1954లో న్యూజీలాండు పశువైద్యులే లోకమునకు తెలిపిరి. అయినను ఇది మందకు ఎట్లు చేరుచున్నదో మరి పదునైదేండ్లకు పైగా ఎవరికిని అంతుపట్టలేదు. మాంసము తిననివియు, గడ్డి మాత్రమే మేయునవియు నగు గొర్రెలకు ఇది ఎక్కడిది? 1970 ప్రాంతమున గుట్టు రట్టయినది. దొంగ పిల్లి!

పిల్లి రోగముగల ఎలుకను, పిట్టను, లేదా పచ్చిమాంసమును తినినప్పుడు ఈ జీవి దాని ప్రేవులలో చేరి వృద్ధిచెందును. ఒకటి రెండు వారములపాటు ఆ పిల్లి మలములో గ్రుడ్లవంటి బీజములు లక్షల కొలది వెలువడును. అవి కంటికి కానరావు. కొద్ది దినములలో పదునెక్కి, తేమగల నేలలో ఏడాదికి పైగా బ్రతికియుండగలవు. పిల్లి గడ్డివాములోను, తౌడు బస్తాల మరుగునను విసర్జించును. ఆ గడ్డినే, ఆ దాణానే చూడి గొర్రె తినును. అంతటితో పని జరిగిపోయినది.

ఇచ్చట తాము గమనింపవలసిన సంగతి ఒకటి కలదు. పిల్లి తన జీవితమున సాధారణముగ ఒక్కసారియే, అదియును పిల్లతనమున, ఈ బీజములను విస్తారముగ విడుచును. తరువాత దానికి నిరోధశక్తి ఏర్పడును. కనుక మన గడ్డివామువద్ద చిరకాలముగ ఎలుకలను పట్టుచున్న ముసలి పిల్లిని తరిమివేయుట తెలివైన పని కాదు. దాని స్థానమున క్రొత్త పిల్లులు వచ్చి చేరును, వాటి కూనలే అపాయకరములు. గడ్డిని, దాణాను కప్పియుంచి, పిల్లి అక్కడ ఈనకుండ చూచుకొన్నచో చాలును.

గొర్రె చూలు సుమారు అయిదు నెలలు. మొదటి రెండు నెలలలో ఈ జీవి సోకినచో పిండము కడుపులోనే కరగిపోవును; గొర్రె వట్టిదని కాపరి తలచును. నడుమ నెలలలో సోకినచో ఈసుకొనిపోవును, లేదా ఎండి ముడుచుకొనిన పిండమును వేయును. చివర సోకినచో బలహీనమైన పిల్ల పుట్టును. కొన్ని పిల్లలు తట్టుకొని బ్రతుకును. మావిమీద గుండీలవలె నుండు ముద్దలలో ఆవగింజంత తెల్లని చుక్కలు కనబడుట ఒక గుర్తు. అయితే గుర్తును చూచి రోగమును నిర్ణయించుట మన పని కాదు, పరీక్షాలయపు పని. మేమును పశువైద్యులము కాము. వారు చెప్పినదానిని తమ చెవిని వేయువారము మాత్రమే.

రోగనిర్ణయము ఎందులకు అవసరమో ఇప్పుడు చెప్పెదము. మా అభిప్రాయమున ఈ ప్రసంగమునకు ప్రాణము ఇదియే. ఈసుకొనిపోయిన గొర్రెను సంతకు తోలి అమ్మివేయుట మన కాపరుల వాడుక. టాక్సోప్లాస్మావలన ఈసుకొనిపోయిన గొర్రెకు సాధారణముగ తరువాత నిరోధశక్తి కలుగును. మరుసటి ఈతలో అది నిక్షేపముగ పిల్లను పెట్టగలదు. అట్టి గొర్రెను అమ్మి, ఈ రోగమెరుగని లేత గొర్రెను కొనుట తన చేతులార నష్టమును తెచ్చుకొనుటయే. నియోస్పోరా సంగతి దీనికి తలక్రిందులు. అది ఎక్కువగ ఆవులలో కానవచ్చును. తల్లినుండి దూడకు, ఆ దూడ పెద్దదైన పిదప దాని దూడకు కడుపులోనే సంక్రమించుచు తరతరములు నిలిచియుండును. ఒకసారి ఈసుకొనిపోయిన ఆవు మరల ఈసుకొనిపోవచ్చును. ఇక సూక్ష్మక్రిములవలన వచ్చు బ్రూసెల్లా వ్యాధి అయినచో, ఆ పశువును మందనుండి తప్పక వేరుచేయవలెను. అది మనుష్యులకును అంటి, విడువని జ్వరమును, కీళ్లనొప్పులను కలిగించును. పైకి మూడును ఒకే తీరున కానవచ్చును, చేయవలసినవి మాత్రము వేరువేరు. పరీక్ష లేకుండ అమ్ముటయు, ఉంచుకొనుటయు గ్రుడ్డివాని గురిచూపువంటివి.

నియోస్పోరాకు వాహనము కుక్క. ఈ జీవిని 1984లో నార్వేలో కుక్కలయందు మొదట గుర్తించిరి. భారతదేశమున పుట్టి, మన దేశమునందే పశువైద్య పట్టము పొంది, అమెరికాకు వెళ్లిన శాస్త్రజ్ఞుడు జితేంద్ర దూబే ప్రభృతులు 1988లో దీనికి పేరు పెట్టిరి. కుక్క మలముద్వారా ఇది వెలువడునని 1998లో తేలినది. ఆవు వేసిన మావిని ఊరకుక్క తినుట, ఆ కుక్క మేతలో విసర్జించుట, మరియొక ఆవు దానిని మేయుట, ఇదీ దీని చక్రము. ఆ చక్రమును తెగగొట్టుటకు ఖరీదైన మందేదియు అక్కరలేదు. మావి కుక్కనోట పడకుండిన చాలును.

జోరీగలవలన వ్యాపించు సర్రా వ్యాధియు చూడి పశువులను ఈసుకొనిపోవునట్లు చేయును. ఆబోతు దాటినప్పుడు సంక్రమించు ట్రైకోమోనాసు ఇంకొకటి. కృత్రిమ గర్భధారణ పెరిగినచోట దీని ఉపద్రవము తగ్గును.

టీకాలు లేవా అని అడుగుదురు. గొర్రెలకు టాక్సోప్లాస్మా రాకుండ న్యూజీలాండువారు 1988లో ఒక సజీవ టీకాను విడుదల చేసిరి. కాని అది మన పశువైద్యశాలలలో వేయబడు టీకాలలో చేరినది కాదు. నియోస్పోరాకు మంచి టీకాయే లేదు. బ్రూసెల్లాకు మాత్రము కలదు. 2019లో ఆరంభమైన జాతీయ పశువ్యాధి నియంత్రణ పథకము క్రింద 4 నుండి 8 నెలల వయస్సుగల ఆడుదూడలకు ఆ టీకా నిర్ణయింపబడినది. తమ గ్రామమున ఆ వయస్సు దూడలు ఎన్ని కలవో, ఎన్నింటికి టీకా పడినదో విచారించుట సభ్యుల విధి.

ఇక పంచాయతీ చేతిలోనున్న పనులు. ఈసుకొనిపోయిన పిండమును, మావిని దిబ్బమీదనో చెరువుగట్టుననో పారవేయుట మాన్పింపవలెను. ఊరికి వెలుపల, నీటికి దూరముగ ఒక స్థలము నేర్పరచి, అచ్చట లోతైన గోతిలో సున్నము చల్లి పూడ్చి, పైన తుమ్మకంప వేయించినచో కుక్కలు తవ్వవు. మాంసపు దుకాణముల వ్యర్థములు కుక్కలకు, పిల్లులకు అందకుండ చేయుటయు ఈ పనిలోనిదే. ఊరకుక్కలను విషము పెట్టి చంపుటకు ఎవరేని తీర్మానము తెచ్చినచో అంగీకరింపకుడు, అది చట్టవిరుద్ధము. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమముల ప్రకారము వాటికి శస్త్రచికిత్స చేయించి, టీకా వేయించి, పట్టినచోటనే విడువవలెను.

పంచాయతీ కార్యాలయమున ఒక చిన్న పుస్తకము నుంచుడు. ఎవరి మందలో, ఏ నెలలో, ఎన్ని గొర్రెలు ఈసుకొనిపోయినవి, అవి తొలిచూలువా, మలిచూలువా అని వ్రాసిన చాలును. న్యూజీలాండు శాస్త్రజ్ఞులకు దారి చూపినది ఇట్టి లెక్కయే. మందలో రెండుమూడు గొర్రెలు వెంటవెంట ఈసుకొనిపోయినచో 1962 నంబరునకు ఫోను చేసి పశువైద్యుని పిలువవలెను. ఆయన వచ్చులోపల చేతికి తొడుగు వేసికొని, పిండమును మావితో సహా రెండు ప్లాస్టికు సంచులలో కట్టి, మంచులో నుంచవలెను. కుళ్లినది పరీక్షకు పనికిరాదు.

గర్భిణీ స్త్రీలచే ఈసుకొనిపోయిన దొడ్డిని ఊడ్పింపరాదు. టాక్సోప్లాస్మా మనుష్యులకును సోకును. చూలుతోనున్న స్త్రీకి అది మొదటిసారి సోకినచో కడుపులోని బిడ్డకు హాని కలుగవచ్చును. ఆమె పచ్చిమాంసము కోసిన తరువాత సబ్బుతో చేతులు కడుగుకొనవలెను, మాంసమును బాగుగ ఉడికించి తినవలెను. ఈ మాటను ఆశా కార్యకర్తలద్వారా ఇంటింటికి చేర్చుడు. గొల్లకురుమల ఇండ్లలో దొడ్డిపని చాలమటుకు ఆడువారిదే గదా!

కడపట ఒక కష్టమైన మాట. మందలు ఈసుకొనిపోయినప్పుడు దిష్టి యనియు, బాణామతి యనియు ఎవరో ఒక ముసలిదానిమీదనో, ఒంటరి స్త్రీమీదనో నింద మోపుట మన పల్లెలలో ఇంకను వినబడుచున్నది. అట్టి తగవు తమ యెదుటికి వచ్చిననాడు, పిండము పరీక్షకు పోయినదా అని మొదట అడుగుడు. పోనిచో తగవును ఆపి, ముందు దానిని పంపించుడు. నింద పడిన మనిషికి పరీక్షాఫలితము వచ్చువరకును, వచ్చిన తరువాతను పంచాయతీ రక్షణ కల్పింపవలెను. బెదరింపులు కలిగినచో నాడే పోలీసులకు తెలుపవలెను.