గాజుతొట్టిలో మూన తిరుగు మొక్కలు

వరినారు పీకి పొలములో నాటిన తరువాత మొదటి వారము ఆ పొలమును చూచినవారికి ఈ సంగతి తెలిసియే యుండును. నిన్నటివరకు నారుమడిలో పచ్చగా నిలిచిన నారు, నాటిన మరునాటికే తల వాల్చును. ఆకుకొనలు పండుబారును. రైతు దానిని చూచి బెంగపడడు. పీకి గట్టుమీద పారవేయడు. కొన్నాళ్లకు కొత్త వేరు దిగును, మొవ్వు నుండి లేతాకు తొంగిచూచును. పైరు మూన తిరిగినదని అప్పుడందురు. వైరా, పాలేరు చెరువుల ఆయకట్టులో ఈ మాట ఎరుగని ఇల్లు అరుదు. నేను నేడు చెప్పబోవునది పొలములోని మూనను గురించి కాదు; ఇంటిలో చేపలు పెంచుకొను గాజుతొట్టిలోని మూనను గురించి.

ఖమ్మములోను, కొత్తగూడెములోను, భద్రాచలములోను ముచ్చటకై ఇంట అక్వేరియము పెట్టుకొనువారు కలరు. రెండు మూడేండ్లు గడచుసరికి చేపలు పెరుగును, మొక్కలు గుబురు కట్టును, తొట్టి చాలదు. పెద్ద తొట్టి కొని పాతదానిలోని మొక్కలను అందులోనికి మార్తురు. చిక్కంతయు అక్కడనే వచ్చును. అంతవరకు ఏపుగా నున్న మొక్క వారము తిరుగకుండ ఆకులు గాజువలె పలుచబడి, జిగురై, కరగిపోవును. యజమాని అది చచ్చినదనుకొని వేరుతో సహా పారవేయును. ఎక్కువమార్లు ఆతడు పారవేసినది బ్రతికియున్న మొక్కనే.

ఆకు ఏల కరగును? నేలమీది మొక్క ఆకునకు పైన మైనపు పొర యుండును. నీట మునిగి పెరుగు ఆకునకు ఆ పొర నామమాత్రము. అది తనకు వలసిన బొగ్గుపులుసు వాయువును, లవణములను నీటినుండి నేరుగా పీల్చుకొనును. కనుక ఏ నీటిలో, ఏ వెలుతురులో పుట్టినదో దానికి తగినట్లుగనే ఏర్పడును. నీరు మారి, వెలుతురు మారి, పైగా వేళ్లు తెగినప్పుడు మొక్క పాత ఆకులలోని సారమును లాగుకొని కొత్త ఆకులకు సిద్ధపడును. క్రిప్టోకొరీను జాతిలో ఇది మిక్కిలి ప్రస్ఫుటము. రిబ్బను వంటి పొడవాటి ఆకుల వాలిస్నేరియా కొంత నయము. అయినను అదియు కొన్ని ఆకులను వదలును.

ఈ రెండును మనకు పరాయివి కావు. సామర్లకోటలో కొంతకాలము నివసించి తెలుగుదేశపు మొక్కలను వర్ణించిన విలియం రాక్స్‌బరో, 1795 మొదలు వెలువడిన తన కోరమండల్ మొక్కల గ్రంథములో మన చెరువులలోని నాచుజాతులకు సైతము చోటిచ్చెను. దక్షిణాపథపు రాతియేళ్లలో పెరుగు ఒక క్రిప్టోకొరీనుకు రెట్రోస్పైరాలిస్ అను విశేషణము ఆయన పెట్టినదే. అట్టి ఏళ్లలో మొక్క బ్రతుకు ఎట్టిదో ఊహింపుడు. 1986 ఆగస్టులో భద్రాచలము వద్ద గోదావరి 75.6 అడుగులకు లేచినది. అంతటి నీరు రానక్కరలేదు. ఏటేట వచ్చు సామాన్యపు వరదకే ఆకులు చీలికలగును. బండల సందున చిక్కుకొనిన దుంపవేరు నిలుచును. నీరు తీసిన పిదప మరల ఆకు వేయును. ఆకును వదలుకొని వేరును కాచుకొనుట ఆ జాతికి అలవాటే.

ఇవి అడవి వాగులలో దొరకునవే గదాయని బుట్ట పట్టుకొని కిన్నెరసానికి పోవుట మాత్రము తగదు. ఆ ప్రాంతము 1977లో అభయారణ్యముగా ప్రకటింపబడినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు నిర్వచనములో, జీవుల ఆవాసములో భాగమైన నీటిమొక్క కూడ చేరును. అనుమతి లేక పెరుకుట నేరము. జలాశయములో మొసళ్లున్న సంగతి వేరుగా హెచ్చరింపనక్కరలేదనుకొందును. మీ పాత తొట్టిలోనిది, లేదా స్నేహితుని తొట్టిలోనిది, చాలును.

ఇక మార్చు విధము. కొత్త తొట్టి మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అంతే లోతు గలదైనచో నిండుగ నింపిన నీరే ఇంచుమించు 190 కిలోలు తూగును. కావున దానిని కదలని బల్లమీద ముందే నిలుపుకొనవలెను. ఇసుకను తేటనీరు వచ్చువరకు కడుగవలెను. గుప్పెడు ఇసుకమీద నిమ్మరసము పిండి చూడుడు. బుసబుస పొంగినచో అందులో సున్నము గలదని అర్థము. అది నీటిని కఠినము చేయును.

మన ఎండలు తెలిసినవే గనుక పని సాయంకాలము పెట్టుకొనుట మేలు. ముందు చేపలను వేరు పాత్రలోనికి తీయవలెను. ఇది ముఖ్యము, ఏలయన, ఏండ్ల తరబడి కదలని ఇసుక అడుగున నల్లని బురద చేరియుండును. అది కదలినప్పుడు కుళ్లిన గ్రుడ్డు వాసన గల విషవాయువు వెలువడవచ్చును. తరువాత నీటిని జానెడు లోతు మిగులునట్లు తోడి, బకెట్లలో దాచుకొనవలెను. మొక్కను ఆకు పట్టుకొని లాగరాదు. మొదలునకు కొంత ఎడముగా వేళ్లను ఇసుకలోనికి దూర్చి, క్రిందనుండి వేరుముద్దతో సహా మెల్లగా లేవనెత్తవలెను. వేళ్లు మరీ పొడవైనచో కొనలు కత్తిరింపవచ్చును. పసుపెక్కిన వెలుపలి ఆకులను మొదటికంట తీసివేయవలెను. నడిమికి కోసినచో మిగిలిన ముక్క కుళ్లును. వాలిస్నేరియా పిలకలు నాలుగైదు ఆకులు వేసి, సొంతవేరు పట్టినవైనచో, వానిని కలుపు తీగను కోసి వేర్వేరుగా నాటవచ్చును.

నాటువరకు తడిగుడ్డ కప్పి యుంచవలెను. పలుచని ఆకు గాలి తగిలిన కొద్ది నిమిషములకే ఎండిపోవును. నాటునప్పుడు వేరు ఇసుకలో, మొవ్వు ఇసుకపైన ఉండవలెను. మొవ్వు పూడినచో కుళ్లును. వరినాటు వేయువారి చేతికి ఈ లోతు వేరే నేర్పనక్కరలేదు.

పాతనీరే తొట్టికి ప్రాణమని కొందరి నమ్మకము. అది సగము నిజము. చేపల మలినమునుండి పుట్టు అమ్మోనియాను మార్చివేయు సూక్ష్మజీవులు నీటిలో కంటె ఇసుకను, వడపోత దూదిని అంటియే అధికముగా నుండును. కనుక పాత ఇసుకలో పైపొరను కొంత తెచ్చి కొత్త ఇసుకపై పరచుట, పాత దూదిని కడిగి పారవేయక వాడుట ఎక్కువ ఫలమిచ్చును. పాతనీటివలన వేరొక లాభము కలదు. బోరునీటికిని కుళాయినీటికిని కాఠిన్యములో తేడా యుండును. పాతనీరు సగము కలిపినచో మొక్కకు ఆ మార్పు ఒక్కమారుగ తగులదు. కుళాయినీటిని ఒక దినము వెడల్పాటి పాత్రలో నిలిపినచో అందులోని క్లోరిను చాలవరకు పోవును.

కరగిన ఆకులను నీటిలో వదలరాదు. 1849లో లండనులో రాబర్ట్ వారింగ్టన్ అను రసాయనవేత్త రెండు చిన్న చేపలను, వాలిస్నేరియాను ఒక తొట్టిలో నిలిపి చూచెను. మొక్క విడుచు ప్రాణవాయువుతో చేపలు సుఖముగనే యుండెను గాని, రాలిన ఆకులు కుళ్లి నీరు మురికియయ్యెను. ఆయన నీటినత్తలను వదలగా అవి ఆ కుళ్లును తినివేసినవి. మన ఇళ్లలో నత్త లేకున్నను చేయి కలదు. రోజు విడిచి రోజు తీసివేసిన చాలును.

తొలి పక్షము దీపపు వెలుగు దినమునకు ఆరేడు గంటలకు మించకుండుట మంచిది. మించినచో మొక్కకంటె ముందు పాచి పెరుగును. ఎరువు వేయరాదు. ఆకులన్నియు పోయినను పెరుకరాదు. అనుమానమైనచో వ్రేలితో మొదలు నొక్కి చూడుడు. గట్టిగ నున్నచో అది సజీవము. మెత్తబడి దుర్వాసన కొట్టినచో మాత్రమే తీసివేయుడు. తీసినదానిని లకారము చెరువులోనికో మున్నేటిలోనికో విసరరాదు. పరదేశపు మొక్క చెరువున పడినచో ఏమగునో గుర్రపుడెక్క మనకు చూపినది. ఎండబెట్టి పెంటకుప్పలో కలుపవచ్చును.

రెండు మొదలు నాలుగు వారములలో మొవ్వునుండి లేతాకు లేచును. అది పాత ఆకుకంటె పొట్టిగా, వేరు రంగుగా నుండవచ్చును. అది కొత్త నీటికి తగిన ఆకు. చేపలను కూడ ఒక్కమారుగ వదలక, నాటిన తరువాత రెండింటితో మొదలిడి వారము వారము పెంచుకొనవచ్చును. వాలిస్నేరియా ఇసుకమీదుగ తొలి తీగ సాచిన దినమున మూన తిరిగినదని తెలిసికొనుడు. ఆ తీగను ఆ నెల మాత్రము కత్తిరింపకుడు.