రోజుల లెక్క ఉన్నది, రక్తం లెక్క ఏదీ?

(మహిళల ఆరోగ్యంపై జరిగిన అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)



రక్తహీనతపై మాట్లాడవలసిందిగా నిర్వాహకులు నన్ను కోరారు. రక్తహీనత అనగానే మనమంతా తిండి గురించి మాట్లాడతాం. ఆకుకూరలు తినమంటాం, ఖర్జూరం తినమంటాం. తిన్నది ఒంటికి పట్టకముందే నెలనెలా రక్తం పోతూ ఉంటే ఎంత తిన్నా ఏమి ప్రయోజనం? అందుచేత నేను ఒక్క విషయానికే పరిమితమవుతాను. బిడ్డ పుట్టిన తరువాత కొందరు స్త్రీలకు నెలసరిలో రక్తస్రావం మితిమీరిపోతుంది. దానిని ఎలా గుర్తించాలి, ఎవరిని అడగాలి, ఏమి అడగాలి అన్నదే నా ప్రసంగం.

నేను ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ పొందినదానను. వైద్యురాలిని కాను. వైద్యులు చెప్పేదీ, మన ఇళ్ళలో జరిగేదీ ఒకచోట చేర్చి మీ ముందుంచడమే నా పని. సభలోని సోదరులు లేచి వెళ్ళవద్దని మనవి. బాలింతను ఆసుపత్రికి తీసుకుపోవాలా వద్దా అనే నిర్ణయం, ఆటో కిరాయి, పరీక్షల ఖర్చు చాలా ఇళ్ళలో మీ చేతిలోనే ఉన్నాయి. విషయం తెలియని చేతిలో నిర్ణయం ఉండటం ప్రమాదకరం.

సిగ్గు పడవలసిన మాట కాదు

హజ్రత్ ఆయిషా (రజి) అన్సారీ స్త్రీలను ప్రశంసించిన సంగతి మీకు తెలుసు. ధర్మజ్ఞానం పొందడానికి సిగ్గు వారికి అడ్డు రాలేదన్నదే ఆ ప్రశంస. ఫాతిమా బిన్తె అబీ హుబైష్ (రజి) తనకు రక్తస్రావం ఆగడం లేదని, నమాజు మానివేయాలా అని స్వయంగా దైవప్రవక్త (స) వారినే అడిగారు. అది నెలసరి కాదని, ఒక నరం నుంచి వచ్చే రక్తమని ఆయన వివరించారు. ఆమెను ఎవరూ తప్పు పట్టలేదు, ఆమె మాటను తోసివేయలేదు. పద్నాలుగు వందల ఏళ్ళ క్రితం మదీనాలో అడగగలిగిన ప్రశ్నను నేడు మన కోడలు అత్తగారిని అడగలేకపోతున్నది. ఇది మన ధర్మం నేర్పిన మౌనం కాదు.

మన ఇళ్ళలో ఒక మంచి అలవాటు ఉన్నది. నమాజు కోసం, ఉపవాసం కోసం హైజ్, నిఫాస్ రోజులను జాగ్రత్తగా లెక్కిస్తాం. చిల్లా ఎప్పుడు ముగుస్తుందో ఇంటిల్లిపాదికీ తెలుసు. కాని ఆ నలభై రోజులలో తల్లి ఎంత రక్తం కోల్పోయిందో ఎవరికీ తెలియదు. రోజుల లెక్క ఉన్నది, రక్తం లెక్క లేదు. నేను కోరేదల్లా ఆ రెండవ లెక్కను కూడా మొదలుపెట్టమని.

ఏది సహజం, ఏది మితిమీరినది?

ప్రసవం తరువాత వెంటనే వచ్చే స్రావం నెలసరి కాదు. గర్భసంచిలో మాయ అతుక్కున్న చోటు మానుతూ ఉండగా వచ్చేది అది. మొదటి రోజులలో ఎర్రగా ఉండి, తరువాత గోధుమ రంగుకు, చివరకు పసుపు కలిసిన తెలుపుకు మారుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలు ఉండవచ్చు. మొత్తం మీద తగ్గుతూ పోవాలి. తగ్గిన స్రావం మళ్ళీ ఎర్రగా, ఉధృతంగా మొదలైతే అనుమానించాలి.

బిడ్డకు పాలివ్వని తల్లికి ఆరు నుంచి ఎనిమిది వారాలలో నెలసరి తిరిగి రావచ్చు. పూర్తిగా తల్లిపాలే ఇచ్చేవారికి నెలల తరబడి రాకపోవచ్చు. మొదటి ఒకటి రెండు నెలసరులు మునుపటికన్నా కొంత ఎక్కువగా, క్రమం తప్పి రావడం కూడా తరచుగా కనిపించేదే. అంతమాత్రాన భయపడవద్దు.

ఒక నెలసరిలో 80 మిల్లీలీటర్లు, అంటే సుమారు ఐదు పెద్ద చెంచాల రక్తం మించి పోతే మితిమీరినదిగా వైద్యశాస్త్రం ఎంచింది. ఇంట్లో దీనిని ఎవరూ కొలవలేరు. కావున ఈ గుర్తులు చూడండి. గంటకో రెండు గంటలకో ప్యాడ్ లేదా గుడ్డ పూర్తిగా తడిసిపోవడం. పది రూపాయల నాణెం కన్నా పెద్ద గడ్డలు పడటం. రాత్రి నిద్రలో లేచి మార్చుకోవలసి రావడం. ఏడు రోజులు దాటినా ఆగకపోవడం. బట్టలు తడుస్తాయన్న భయంతో ఇల్లు కదలలేకపోవడం. వీటిలో ఏ ఒక్కటి నెలనెలా జరుగుతున్నా డాక్టరును చూడవలసిందే.

ఆగకుండా ఆసుపత్రికి పోవలసిన సందర్భాలు వేరు. వరుసగా రెండు గంటలపాటు గంటకో ప్యాడ్ తడవడం, కళ్ళు తిరిగి పడిపోవడం, గుండె దడ, ఒళ్ళు చల్లబడటం, జ్వరంతో కూడిన పొత్తికడుపు నొప్పి, స్రావం దుర్వాసన రావడం - ఇవి కనిపిస్తే తెల్లవారేదాకా ఆగవద్దు, 108కి ఫోన్ చేయండి. ప్రసవమైన మొదటి రోజు గడిచిపోతే గండం గడిచినట్టేనని అనుకుంటాం. కాని 12 వారాల వరకు ఇటువంటి ప్రమాదకర రక్తస్రావం రావచ్చు.

"వేడి చేసింది" అనేది కారణం కాదు

మన ఇళ్ళలో ప్రతి రక్తస్రావానికీ ఒకే కారణం చెబుతారు, వేడి చేసిందని. అసలు కారణాలు అనేకం. మాయ ముక్క లోపల మిగిలిపోవచ్చు. గర్భసంచికి ఇన్ఫెక్షన్ సోకవచ్చు. గర్భసంచిలో కణితులు, పాలిప్‌లు ఉండవచ్చు. ప్రసవానంతరం కొందరికి థైరాయిడ్ దెబ్బతింటుంది, అది తగ్గినప్పుడు నెలసరి ఎక్కువ కావచ్చు. కాన్పు సమయంలో వేసిన కాపర్‌-టీ వల్ల మొదటి నెలల్లో స్రావం పెరగవచ్చు. గర్భనిరోధక ఇంజెక్షన్ వల్ల క్రమం తప్పవచ్చు. కొందరికి పుట్టుకతోనే రక్తం గడ్డకట్టే గుణం తక్కువగా ఉంటుంది, గర్భంతో ఉన్నప్పుడు మరుగున పడిన ఆ లోపం కాన్పు తరువాత బయటపడుతుంది. పాలిచ్చే తల్లికి గర్భం రాదన్న నమ్మకంతో ఉండగా మరో గర్భం నిలిచి, అది జారిపోతూ ఉండటం కూడా కారణం కావచ్చు. కారణం వేరైతే వైద్యమూ వేరు. అందుకే మందుల షాపులో అడిగి రక్తం ఆగే మాత్ర తెచ్చి మింగించడం తగదు. ఆ మాత్రలు కొందరికి మేలు చేస్తాయి. రక్తనాళాలలో గడ్డలు ఏర్పడే ప్రమాదం ఉన్నవారికి అవే కీడు చేయవచ్చు. కాన్పు తరువాతి తొలి వారాలలో ఆ ప్రమాదం ఎక్కువ.

మా వాడలో మూడవ కాన్పు తరువాత ఒక యువతికి ప్రతి నెలా పది రోజుల స్రావం ఉండేది. అత్తగారు చెడ్డవారేమీ కాదు. హరీరా చేసి పెట్టారు, గోంద్ లడ్డూలు చేయించారు. ఎనిమిది నెలలు అలాగే గడిచాయి. చంటిబిడ్డను ఎత్తుకుని నాలుగు మెట్లు ఎక్కలేక కూర్చుండిపోయిన రోజున పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఆరు ఉన్నది. స్కానింగులో చిన్న పాలిప్ కనిపించింది. దానిని తొలగించారు, రక్తం ఎక్కించారు, ఐరన్ ఇచ్చారు. నేడు ఆమె ఆరోగ్యంగా ఉన్నది. ఆ ఎనిమిది నెలలలో ఆమెకు లోపించినది ప్రేమ కాదు, ఒక రక్త పరీక్ష.

ఆరాధన విషయంలో

చాలామంది సోదరీమణులు నన్ను అడిగే ప్రశ్న ఇది. హనఫీ మత ప్రకారం నిఫాస్‌కు గరిష్ఠ పరిమితి నలభై రోజులు. కనిష్ఠ పరిమితి లేదు. పదిహేను రోజులకే స్రావం పూర్తిగా ఆగితే గుస్ల్ చేసి నమాజు మొదలుపెట్టాలి, చిల్లా కోసం ఎదురు చూడనక్కరలేదు. నలభై దాటిన తరువాత కూడా ఆగని రక్తం ఇస్తిహాజా. అది అనారోగ్యం. ఆ స్థితిలో వుజూతో నమాజు చేసుకోవచ్చు. వివరాలు మీ వాడలోని ఆలిమాను అడగండి. నేను ఒక్క మాట మాత్రం జోడిస్తాను. ఇది ఇస్తిహాజా అని తేలిన రోజే, ఇది జబ్బు అని కూడా తేలినట్టు. మస్అలా తెలుసుకుని ఊరుకుంటే సగం పని మాత్రమే అయింది. చికిత్స చేయించుకోమన్నది కూడా దైవప్రవక్త (స) ఉపదేశమే. నీరసించిన మనిషి రమజాన్‌లో ఉపవాసం పట్టాలా అన్న సందేహం వస్తే, జబ్బుపడిన వారికి ఖుర్ఆన్ సడలింపు ఇచ్చిందని గుర్తుంచుకోండి.

డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు

ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. స్రావం మొదలైన తేదీ, ఆగిన తేదీ, రోజుకు ఎన్ని ప్యాడ్లు, గడ్డలు పడ్డాయా లేదా - ఇంతే రాయండి. "ఎక్కువ అవుతోంది" అన్న మాటను పట్టించుకోని వారు కూడా తేదీలతో రాసిన కాగితాన్ని చూస్తారు. గుమాస్తా ఉద్యోగం నాకు నేర్పిన పాఠం ఇది.

హిమోగ్లోబిన్ పరీక్ష, అవసరమైతే థైరాయిడ్ పరీక్ష, గర్భ పరీక్ష, స్కానింగు చేయమని అడగండి. గర్భంతో లేని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 ఉండాలి. దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్టు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. కాబట్టి చాలామంది తల్లులు తక్కువ రక్తంతోనే కాన్పుకు వెళుతున్నారు. ప్రసవం తరువాత 180 రోజులపాటు రోజుకొక ఐరన్ మాత్ర ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. దానిని చాయ్‌తో, పాలతో వేసుకోవద్దు. నిమ్మరసంతో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది. మలం నల్లబడితే భయపడి మానవద్దు. బాలింత పథ్యం పేరిట పప్పు, ఆకుకూరలు, మాంసం మాన్పించవద్దు. కలేజీ ఖరీదు తక్కువ, ఐరన్ ఎక్కువ.

ఇక ముఖ్యమైన హెచ్చరిక. స్రావం ఎక్కువైందనగానే "ఎలాగూ పిల్లలు పుట్టారు కదా, గర్భసంచి తీసివేద్దాం" అనే సలహా మన రెండు రాష్ట్రాలలో సులభంగా వినిపిస్తుంది. గర్భసంచి తొలగింపులలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు దేశంలో ముందు వరుసలో ఉన్నాయి. అనవసరపు ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను మూడు నెలలలో అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను ఆదేశించింది. మందులు ఉన్నాయి, హార్మోను ఉన్న లూప్ ఉన్నది, పాలిప్‌ను మాత్రమే తీసే పద్ధతి ఉన్నది. కొందరికి గర్భసంచి తొలగింపు నిజంగానే అవసరం కావచ్చు. కాని అది చివరి మెట్టు, మొదటిది కాదు. ప్రాణాపాయం లేని పక్షంలో సంతకం చేసేముందు మరో డాక్టరు అభిప్రాయం తీసుకోండి.

ఇది దయ కాదు, హక్కు

జననీ శిశు సురక్ష కార్యక్రమం 2011లో మొదలైంది. ప్రభుత్వ ఆసుపత్రిలో ప్రసవం, మందులు, పరీక్షలు, రక్తం, రవాణా ఉచితం. 2014లో దానిని ప్రసవానంతర సమస్యలకు కూడా విస్తరించారు. ఆశా కార్యకర్త 42వ రోజు వరకు ఇంటికి రావాలి. ఆమె బిడ్డను తూచి వెళ్ళిపోకుండా, తల్లి స్రావం గురించి కూడా అడిగేలా మనమే మాట కదపాలి. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రం ప్రకారం, పురుష వైద్యుడు పరీక్షించేటప్పుడు మరో స్త్రీ దగ్గర ఉండాలని కోరే హక్కు మనకున్నది. రిపోర్టుల నకళ్ళు పొందడం, రెండవ అభిప్రాయం తీసుకోవడం కూడా అందులో ఉన్నాయి. బుర్ఖా చూసి, ఉర్దూ మాట విని ఎవరైనా చిన్నచూపు చూస్తే తిరిగి వచ్చేయవద్దు. తోడుగా మరొకరిని తీసుకుని మళ్ళీ వెళ్ళండి. తేదీ రాసి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

కార్యకర్తలకు నా సూచనలు మూడు. ప్రతి వాడలో తెలుగు, ఉర్దూ రెండూ వచ్చిన ఒక సోదరి బాలింతల వెంట ఆసుపత్రికి వెళ్ళే బాధ్యత తీసుకోవాలి. ప్రతి మసీదు కమిటీ వద్ద రక్తదాతల పేర్లు, గ్రూపులు ఉండాలి. వారానికొకసారి జరిగే మహిళల ఇజ్తెమాలో నిఫాస్ మస్అలాతోపాటు ప్రమాద సూచనలు కూడా చెప్పాలి.

భర్తలకు ఒక్కటే చెబుతాను. ఈ రాత్రి ఇంటికి వెళ్ళి మీ భార్యను "ఆరోగ్యం ఎలా ఉంది?" అని అడగవద్దు. "బాగానే ఉంది" అంటుంది. "నెలసరి ఎన్ని రోజులు వస్తోంది, రాత్రి లేవవలసి వస్తోందా?" అని అడగండి. అత్తలకూ ఇదే నా విన్నపం. జవాబు విన్న తరువాత ఆలస్యం చేయకుండా పరీక్ష చేయించండి.

మన తల్లులందరికీ అల్లాహ్ ఆరోగ్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.