పార్కు పనికి కూలి కావాలి, కాగితం కావాలి
(పట్టణ మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ లెక్కలు ఇప్పటిదాకా విన్నారు. వచ్చే ఏడాది మన ముందున్న పని గురించి నాలుగు మాటలు చెప్తాం. పట్టణంలోని పార్కుల నిర్వహణ మహిళా సంఘాలకు ఇవ్వాలన్న మాట వచ్చినప్పటి నుంచి అక్కలు మమ్మల్ని అడుగుతూనే ఉన్నారు. "అది మున్సిపాలిటీ పని గదా, మనకెందుకు?" అని కొందరు. "ఊడ్చుడు, నీళ్లు పోసుడే గదా, సేవ కింద చేద్దాం" అని కొందరు. ఈ రెండు మాటలకూ కార్యవర్గం అనుకున్నది ఇది.

మొదటి మాట నిజమే. 1992లో వచ్చిన 74వ రాజ్యాంగ సవరణతో పట్టణ సంస్థలకు సంబంధించి 12వ షెడ్యూలులో 18 అంశాలు చేర్చారు. పార్కులు, తోటలు, ఆటస్థలాలు అందులో ఒక అంశం. మన రాష్ట్రంలో 2019 మున్సిపల్ చట్టం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలని, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని చెప్పింది. కాబట్టి బాధ్యత మున్సిపాలిటీదే. రేపు పార్కు తాళం మన చేతికి వచ్చినా ఆ బాధ్యత మనకు బదిలీ కాదు. మన చేతికి వచ్చేది పని మాత్రమే.

పార్కు జాగా కూడా ఎవరో దయతో ఇచ్చింది కాదు. లేఅవుట్‌కు అనుమతి కావాలంటే సాధారణంగా 10 శాతం స్థలం ఖాళీగా వదిలి మున్సిపాలిటీకి రాసివ్వాలి. 5 ఎకరాల లేఅవుట్ అయితే అర ఎకరం, అంటే 2,420 గజాలు. చుట్టూ ప్లాట్లు కొన్నవాళ్లు ఆ ధర కూడా కలిపే కట్టారు. అట్లాంటి జాగా పిచ్చిచెట్లతో నిండితే చెత్త పడుతుంది, ఆ తర్వాత కబ్జా కన్ను పడుతుంది. మనుషులు వచ్చి కూర్చునే పార్కును కబ్జా చేయడం అంత సులువు కాదు.

ఇక రెండో మాట. పార్కు కట్టడానికి డబ్బు వస్తుంది. 2015లో మొదలైన అమృత్ పథకంలో కూడా పార్కులకు కొంత శాతం పెట్టారు. గేటు, ఫౌంటెన్, ఓపెన్ జిమ్, శిలాఫలకం వస్తాయి. ఆరు నెలల తర్వాత మోటారు కాలిపోతే బాగుచేయించే పద్దు కనబడదు. కట్టుడు ఒకసారి పని, కాపాడుడు రోజూ పని. రోజూ చేసే పనిని సేవ అంటే నెల రోజులు నడుస్తుంది, పండగ దాటాక ఆగిపోతుంది. అప్పుడు "మహిళా సంఘాలకు ఇస్తే ఇంతే" అంటారు. శ్రమదానం ఒక పూటకు మంచిదే. 365 రోజుల పనికి మాత్రం కూలి ఉండాలి. ఇంట్లో చేసే పనికి ఎట్లాగూ లెక్క లేదు. బయట చేసే పనినీ మన చేతులతో మనమే ఉచితం చేసుకోవద్దు.

ఒడిశాలో పట్టణ పార్కుల నిర్వహణను మిషన్ శక్తి సంఘాలకు అప్పగించారు. అమృత్ రెండో దశలో అమృత్ మిత్ర పేరుతో నీళ్ల పనులు, మొక్కల పనులు మహిళా సంఘాలకు ఇచ్చే పద్ధతి వచ్చింది. అంటే దారి ఉంది. అయితే పని తెలిసి దిగాలి.

నీళ్ల సంగతే చూడండి. ఎండాకాలంలో పచ్చగడ్డికి రోజుకు చదరపు మీటరుకు 5 లీటర్ల లెక్క వేసినా, 1,000 చదరపు మీటర్ల లాన్‌కు 5,000 లీటర్లు కావాలి. అంటే రోజుకు ఒక ట్యాంకరు. మన బస్తీల్లో బిందెల వరుస ఉన్నప్పుడు పార్కులో ట్యాంకరు గడ్డికి పోస్తే ఎవరు ఒప్పుకుంటారు? అందుకే గడ్డి తగ్గించి వేప, కానుగ, రావి లాంటి నీడ చెట్లు పెంచుదాం. మొదటి రెండు మూడేళ్లు నీళ్లు పోస్తే తర్వాత అవే నిలబడతాయి. తొందరగా పెరుగుతుందని కోనోకార్పస్ మాత్రం వద్దు. గుజరాత్ 2023లో దాన్ని నిషేధించింది.

రాలిన ఆకులు కాల్చొద్దు. ఘన వ్యర్థాల నిబంధనల ప్రకారం అది తప్పు. గుంతలో వేసి, పేడనీళ్లు చల్లి, తడి ఆరకుండా చూస్తే ఎరువు అవుతుంది. ఉయ్యాల గొలుసులు, జారుడు బల్ల అంచులు, జిమ్ బోల్టులు వారానికోసారి చూసి రిజిస్టర్‌లో రాయాలి. పిల్లకు దెబ్బ తగిలాక వెల్డింగ్ చేయిస్తే లాభం లేదు.

అన్నిటికన్నా ముఖ్యం గేటు వేళలు. పార్కులు పొద్దున, సాయంత్రం తెరిచి మధ్యాహ్నం తాళం వేస్తారు. పొద్దున నడకకు వచ్చేవాళ్లకు అది సరిపోతుంది. నాలుగిళ్లల్లో పని చేసి పన్నెండింటికి బయటపడే అక్కకు, తోపుడు బండి పక్కన పెట్టి కాసేపు నడుం వాల్చే తమ్ముడికి నీడ కావాల్సింది ఆ వేళలోనే. చీకటి పడ్డాక లైటు లేకపోతే, మరుగుదొడ్డికి తాళం ఉంటే ఆడవాళ్లు రారు. తాళం మన చేతికి వస్తే ముందు మారాల్సింది ఇదే. బస్తీ పిల్లల్ని గేటు దగ్గర గద్దించే కావలివాళ్లుగా మాత్రం మనం మారొద్దు.

అందుకని ఏ బస్తీ సమాఖ్య అయినా పేరు ఇచ్చే ముందు ఈ అయిదు విషయాలు అడగాలని కార్యవర్గం కోరుతోంది.

ఒకటి, రాతపూర్వక ఒప్పందం. ఏ పని మనది, ఏ రిపేరు మున్సిపాలిటీది అన్నది అందులో ఉండాలి.
రెండు, కనీస వేతనానికి తగ్గని కూలి. నెలనెలా ఫలానా తేదీలోపు సంఘం ఖాతాలో పడాలి.
మూడు, నీళ్ల కనెక్షన్, కరెంటు బిల్లు మున్సిపాలిటీ పేరు మీదే ఉండాలి.
నాలుగు, పనిముట్లు, చేతి తొడుగులు, పని చేసేవాళ్లకు బీమా.
అయిదు, మరుగుదొడ్డి, లైట్లు బాగుచేశాకే పార్కు తీసుకోవడం. అప్పగించే రోజు ఏది బాగుందో, ఏది విరిగిందో ఫొటోలతో రాసుకోవాలి.

ఇవి గొంతెమ్మ కోరికలు కావు. కాంట్రాక్టరు అయినా కాగితం లేకుండా పని మొదలుపెట్టడు. బ్యాంకు దగ్గర సంతకం పెట్టే ముందు చదువుకోవాలని మన సంఘాలే మనకు నేర్పాయి. ఇక్కడా అంతే.

తీర్మానం ఈ రోజు చదువుతాం, చేతులు ఎత్తమని మాత్రం ఈ రోజు అడగం. వచ్చే నెల సమావేశం లోపల మీ వార్డు పార్కుకు మధ్యాహ్నం ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి నలుగురు కలిసి పోయి చూడండి. నల్లా వస్తుందా, లైటు వెలుగుతుందా, గేటు తెరిచి ఉందా రాసుకుని రండి. ఆ కాగితాలు ముందు పెట్టుకుని మాట్లాడదాం.